హెడ్‌ఫోన్ల వెల: నాదమునకెంత, పేరునకెంత?

పల్లెలో పాట యనిన నలుగురు కూడి వినునదిగా నుండెడిది. గుడి ముంగిటి భజనయైనను, రచ్చబండ చెంత నుంచిన రేడియోయైనను ఊరంతటికి చెందినవే. నేడు ఆ స్థితి మారినది. ప్రతివాని జేబులోను సెల్‌ఫోను గలదు; చెవులకు హెడ్‌ఫోన్లు గలవు. ఎవరి పాట వారిది. ఇందు తప్పు పట్టవలసినది లేదు. కాని ఈ చిన్న పరికరముల వెల వందల రూపాయలతో ఆరంభమై వేలకు, పదుల వేలకు ప్రాకినది. "ఎక్స్‌ట్రా బాస్", "డీప్ బాస్" అను మాటలు పెట్టెలపై పెద్ద అక్షరములతో కానవచ్చుచున్నవి. సినీతారలు, క్రికెట్ క్రీడాకారులు వానిని ధరించి చిత్రపటములలో చిరునవ్వు నవ్వుచున్నారు. ఆ వెలకు తగిన విలువ ఆ వస్తువులో నున్నదా యనునది ఈ పాఠము యొక్క విషయము.

ఇది యువకుల ముచ్చట, పంచాయతీకి దీనితో పనియేమి యని కొందరు సభ్యులు తలంపవచ్చును. మూడు కారణములచేత పని గలదు. మొదటిది, ఈ వస్తువులకై వెచ్చించు సొమ్ము గ్రామమున చెమటోడ్చి సంపాదించిన సొమ్ము. కూలికి పోయి కూడబెట్టిన వేయి రూపాయలకును, నగరపు ఉద్యోగి వేయి రూపాయలకును బరువు ఒకటి కాదు. రెండవది, పాఠశాలకు గాని, గ్రంథాలయమునకు గాని హెడ్‌ఫోన్లు కొనవలసి వచ్చినప్పుడు ఏవి కొనవలెనని పంచాయతీ సభ్యులనే అడుగుదురు. అప్పుడు ఖర్చగునది ప్రజల ధనము. మూడవది, చెవి ఒకసారి చెడినచో బాగుపడుట దుర్లభము.

మంద్రధ్వని యనగా నేమి?

ధ్వని యనగా గాలిలో పుట్టు కంపనము. మనిషి చెవి సెకనుకు సుమారు 20 కంపనములు మొదలుకొని 20,000 కంపనముల వరకు వినగలదు. వయస్సు పెరిగినకొలది పై హద్దు తగ్గును. సెకనుకు సుమారు 250 కంపనములకు లోబడిన ధ్వనిని మనము మంద్రధ్వని యందుము; విపణిలో దీనికే 'బాస్' అని పేరు. డోలు యొక్క ఎడమ మూతపై పడు దెబ్బ, డప్పు యొక్క గుండె అదరగొట్టు మ్రోత ఈ జాతికి చెందినవి. సన్నాయి, వేణువు, వయొలిన్, మనుష్యుల కంఠములోని స్పష్టత దీనికి పైనున్న స్థాయిలలోనివి.

మాటను మాటగా తెలియజేయునవి హల్లులు. స, శ, త, క మున్నగు అక్షరముల భేదము ముఖ్యముగా సెకనుకు 2,000 కంపనములు మొదలుకొని పై స్థాయిలలో నుండును. దీనికొక నిదర్శనము చెప్పవచ్చును. వెనుకటి టెలిఫోను తంతులు సుమారు 300 మొదలు 3,400 కంపనముల వరకు మాత్రమే మోసెడివి. అనగా వానిలో మంద్రధ్వని దాదాపు లేనే లేదు. అయినను మనము దశాబ్దముల తరబడి ఆ తంతులపై మంచి వార్తలు, చెడు వార్తలు, ధాన్యపు ధరలు తప్పులేకుండ చెప్పుకొంటిమి. కావున పాఠము వినుటకు, వార్త వినుటకు, వ్యవసాయ సలహా వినుటకు అదనపు బాస్ అక్కరలేదు.

అక్కరలేకపోవుటయే గాదు, మితిమీరినచో అది కీడు చేయును. పెండ్లిలో డోలు వాద్యకారుని ప్రక్కనే కూర్చున్నవానికి సన్నాయి సరిగా వినబడదు గదా! క్రింది స్థాయి ధ్వని బలముగా నున్నప్పుడు అది పై స్థాయి ధ్వనులను కప్పివేయుట చెవి యొక్క స్వభావము. మంద్రధ్వనిని అతిగా పెంచిన హెడ్‌ఫోన్లలో గాయకుని కంఠము దుప్పటి చాటునుండి వచ్చినట్లుండుటకు ఇదియే కారణము.

చెవి ఎందుకు లోబడును?

ఇంత లోపమున్నను జనులు వానిని ఏల మెచ్చుకొందురు? ఇందుకు శాస్త్రము సమాధానము చెప్పుచున్నది. 1933లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను ఇరువురు పరిశోధకులు మనుష్యులకు వేర్వేరు స్థాయిల ధ్వనులను వినిపించి, ఏవి సమానమైన బిగ్గఱతో తోచునో కొలిచిరి. మంద్రధ్వని విషయమున మన చెవి మందమైనదని వారి కొలతలవలన స్పష్టమైనది. ధ్వని మెల్లగా నున్నప్పుడు సెకనుకు 100 కంపనములు గల ధ్వని, 1,000 కంపనములు గల ధ్వనితో సమానముగా వినబడవలెనన్న దానిని సుమారు 20 డెసిబెల్‌లకు పైగా హెచ్చింపవలసి యుండును. ధ్వని బిగ్గఱ యైనకొలది ఈ వ్యత్యాసము తగ్గును.

అందువలన పాటను పెద్దగా పెట్టినప్పుడు డోలు నిండుగా, మెల్లగా పెట్టినప్పుడు పలుచగా తోచును. నిండైన మంద్రధ్వనికిని, ఉత్సవపు సందడికిని మన మనస్సులో చుట్టరికము గలదు. మంద్రధ్వనిని ముందే పెంచి యుంచిన పరికరమును దుకాణములో ఒక్క నిమిషము విన్నవానికి అది "బలముగా" నున్నట్లు తోచును. ప్రక్కనున్న సమతూకపు పరికరము చప్పగా తోచును. రెండింటిలో కొంచెము బిగ్గఱగా పలుకు దానినే చెవి మేలైనదని ఎంచుననుట ధ్వనిశాస్త్రజ్ఞులందరు ఎరిగిన సంగతి. అంగడిలో నిమిషపు పరీక్ష గెలుచుట వేరు, ఇంటిలో ఏడాది పొడుగున తృప్తి నిచ్చుట వేరు.

ఒక వ్యాపార చరిత్ర

అమెరికాలో నడచిన ఒక వ్యాపార చరిత్రను పరిశీలించినచో వెలకును నాదమునకును గల సంబంధము తేటపడును. 2006లో డాక్టర్ డ్రే యను పేరుతో ప్రసిద్ధుడైన ర్యాప్ సంగీతకారుడును, ఇంటర్‌స్కోప్ రికార్డ్స్ సంస్థ నాయకుడైన జిమ్మీ అయోవీన్ అను ఆయనయు కలిసి 'బీట్స్' అను సంస్థను నెలకొల్పిరి. తయారీ బాధ్యతను మాన్‌స్టర్ అను మరియొక సంస్థ వహించినది. 2008లో వెలువడిన వారి మొదటి హెడ్‌ఫోన్ల వెల సుమారు 350 డాలర్లు. వాని నాదము మంద్రధ్వని ప్రధానమైనది. ఆ దినములలోనే రికార్డింగు గదులలో నిపుణులు వాడు సోనీ ఎమ్‌డీఆర్-7506 అను హెడ్‌ఫోన్లు సుమారు 100 డాలర్లకు దొరకుచుండెను. ఈ నమూనా 1991 నుండి వృత్తి నిపుణుల వాడుకలో నున్నది. పాటను తయారుచేయువారు 100 డాలర్ల పరికరముతో సరిచూచిన పాటనే, వినువారు 350 డాలర్ల పరికరముతో వినసాగిరని సభ్యులు గమనింపవలెను.

ఆ సంస్థ విజయము సాధించిన విధము మిక్కిలి ఆసక్తికరము. వారు హెడ్‌ఫోన్లను విద్యుత్ పరికరముగా గాక అలంకారముగా అమ్మిరి. తమకు తెలిసిన గాయకుల పాటల చిత్రములలో వానిని చూపిరి. 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలకు బయలుదేరిన అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు సభ్యులకు లెబ్రాన్ జేమ్స్ అను మేటి క్రీడాకారుని ద్వారా అవి చేరినవి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బీట్స్ అధికారిక పోషక సంస్థ కాకపోయినను బ్రిటిష్ క్రీడాకారులకు వారి జాతీయ పతాకపు రంగులతో హెడ్‌ఫోన్లు అందినవి. ఈతకొలను ప్రక్కన, పరుగుబాట ప్రక్కన నిలిచిన వీరుల చెవులపై ఆ గుర్తు ప్రపంచమంతటికి కానవచ్చినది. 2014 అక్టోబరులో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య, పోటీ సంస్థయైన బోస్‌తో ఒప్పందము చేసికొని యుండుటచేత, బీట్స్ ధరించి పత్రికల ముందు కనబడిన కాలిన్ కాపర్నిక్ అను క్రీడాకారునకు 10,000 డాలర్ల జరిమానా విధించినది.

ఈ తగవులలో ఎక్కడను నాదము ప్రసక్తి లేదు. ఎవరి చెవులపై ఎవరి పేరు కనబడవలెనన్నదే వాదము. 2014 మే నెలలో ఆపిల్ సంస్థ 300 కోట్ల డాలర్లకు బీట్స్‌ను, దాని సంగీత సేవతో సహా, కొనుచున్నట్లు ప్రకటించినది. ఎనిమిదేండ్ల వ్యవధిలో ఒక పేరు సంపాదించిన విలువ ఇది.

న్యాయము తప్పకుండ మరియొక మాటయు చెప్పవలెను. ఆ సంస్థ తరువాతి కాలమున విడుదల చేసిన నమూనాలలో మంద్రధ్వని అతి తగ్గి, సమతూకము పెరిగినదని పలువురు సమీక్షకులు వ్రాసిరి. కావున ఒక పేరును శాశ్వతముగా మెచ్చుకొనుట యెంత తప్పో, శాశ్వతముగా నిందించుటయు అంతే తప్పు. ప్రతి వస్తువును దాని గుణమునుబట్టి పరీక్షింపవలసినదే.

వెలలో ఏమేమి ఇమిడి యున్నవి?

ఒక హెడ్‌ఫోను జతలో నుండునవి స్వల్పము: ప్రతి చెవికి ఒక పలుచని పొర, దానికి అంటిన రాగి తీగచుట్ట, ఒక అయస్కాంతము, ప్లాస్టిక్ గిన్నె, మెత్తని దిండు, తలపట్టీ. వైరు లేనివానిలో బ్యాటరీయు, బ్లూటూత్ పలకయు చేరును. 2015లో అమెరికాలో ఒక ఇంజనీరు సుమారు 200 డాలర్లకు అమ్ముడుపోవు బీట్స్ హెడ్‌ఫోన్లను విప్పి, భాగముల వెలను లెక్కించెను. మొదట విప్పిన జత నకిలీదని బయటపడగా, అసలైన జతను తెచ్చి మరల లెక్కించెను. అసలుదానిలో సైతము భాగముల వెల సుమారు 20 డాలర్లని అతని అంచనా.

ఈ లెక్కనుబట్టి మిగిలిన 180 డాలర్లును దోపిడీ యనరాదు. రూపకల్పన, కూర్పు, రవాణా, పన్నులు, దుకాణదారుని లాభము, వారంటీ సేవ అన్నియు వెలలో చేరవలసినవే. ఏ పరిశ్రమలోనైనను ముడిసరుకు వెలయే అమ్మకపు వెల కాజాలదు. కాని ప్రకటనల ఖర్చును, పేరు యొక్క వెలను కూడ కొనువాడే భరించుచున్నాడని మరువరాదు. ఈ ఉదాహరణ మరియొకటి కూడ నేర్పుచున్నది: పేరు పెద్దదైనకొలది నకిలీలు పుట్టును. విషయము తెలిసిన ఇంజనీరే మొదట నకిలీ జతను గుర్తింపలేకపోయినప్పుడు, సంతలో తక్కువ వెలకు "అసలుదే" యని చెప్పి అమ్మినవానిని మన యువకులు నమ్ముట ఎంత ప్రమాదము!

వెలకును నాదమునకును సంబంధమున్నదా యని నేరుగా పరిశీలించినవారును గలరు. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అను పరిశోధకుడు 283 రకముల హెడ్‌ఫోన్ల కొలతలను పోల్చి, ఏయే స్థాయిలను అవి ఎంతెంత బలముతో పలుకుచున్నవో చూచెను. ఆ పలుకుబడికిని వెలకును పొత్తు కనబడలేదని అమెరికా ధ్వనిశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. హెచ్చు వెల పెట్టినంత మాత్రమున చక్కని నాదము లభించునన్న హామీ లేదని దీని సారాంశము. తక్కువ వెలవన్నియు మంచివని మాత్రము దీని యర్థము కాదు. చౌకలో చెడ్డవి ఎన్నియో గలవు. ఖరీదైనవానిలోను చెడ్డవి గలవు.

బాస్ కోరుట తప్పా?

కాదు. సీన్ ఆలివ్, టాడ్ వెల్టీ మున్నగువారు హార్మన్ అను ధ్వనిపరికరముల సంస్థలో 2012 ప్రాంతము నుండి శ్రోతల అభిరుచులపై పెక్కు పరీక్షలు జరిపిరి. ఆ సంస్థయు హెడ్‌ఫోన్లు అమ్మునదే యని గుర్తుంచుకొనుచు ఫలితములను చూడవలెను. శ్రోతలలో సుమారు మూడింట రెండువంతుల మంది కొద్దిగా మంద్రధ్వని పెరిగిన సమతూకపు నాదమును మెచ్చిరి. అంతకంటె హెచ్చు బాస్ కోరినవారు కొలదిమందియే. తక్కువ కోరినవారును కొందరు గలరు. అనగా కూరలో ఉప్పువలె దీనికిని ఒక పాలు గలదు. లేకున్న చప్పన, మితిమీరిన చేదు.

రెండు సంగతులు తెలిసికొన్నచో ఆ పాలును చౌకగానే పొందవచ్చును. హెడ్‌ఫోను చెవికి సందు లేకుండ అమరినప్పుడే మంద్రధ్వని నిలుచును. సందున్నచో అది బయటికి జారిపోవును. చెవి రంధ్రములో నమర్చు వానికి సరియైన కొలత గల రబ్బరు తొడుగును మార్చుకొన్నంతనే పలుచని నాదము నిండుగా మారుట తరచుగా చూడవచ్చును. ఆ తొడుగులు సాధారణముగా పెట్టెలోనే రెండు మూడు కొలతలలో నుండును. ఇక రెండవది: చాలా సెల్‌ఫోన్లలో 'ఈక్వలైజర్' అను అమరిక గలదు. దానితో మంద్రధ్వనిని ఇష్టానుసారము పెంచుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును. పైకము లేకుండ లభించు దానికై వేలు వెచ్చించుట వివేకము కాదు.

ఇక హెచ్చు వెలకు తగిన ఫలము నిచ్చు గుణములును కొన్ని గలవు. చుట్టుప్రక్కల రొదను తగ్గించు ఏర్పాటు వానిలో మొదటిది. ఇంజను, ఫ్యాను, బస్సు వంటి వాని ఎడతెగని హోరును ఎదురు ధ్వనితో అణచు ఈ విధానమునకై 1978లో పూనుకొన్నవాడు అమర్ బోస్. బెంగాలు నుండి అమెరికాకు వలసపోయిన స్వాతంత్ర్యయోధుని కుమారుడు. రొద తగ్గినచో పాటను బిగ్గఱగా పెట్టవలసిన పనిలేదు. ఇది చెవికి నిజమైన మేలు. అట్లే గట్టి కీలులు, మార్చుకొనదగిన దిండ్లు, జిల్లా కేంద్రములో మరమ్మతు సౌకర్యము, నిజముగా నెరవేరు వారంటీ వెల పెట్టదగిన గుణములు. వీనికై కొంత హెచ్చు ఇచ్చినను నష్టము లేదు. కేవలము బాస్ కొఱకు, పేరు కొఱకు హెచ్చు వెల ఇచ్చినచో "పైన పటారము, లోన లొటారము" అన్న సామెత నిజమగును.

చెవి చెల్లించు వెల

రసీదులో కానరాని వెల మరియొకటి గలదు. మన లోపలి చెవిలో ధ్వనిని గ్రహించు సూక్ష్మకణములు ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 మాత్రమే. మితిమీరిన ధ్వనికి అవి నశించినచో మనుష్యులలో తిరిగి మొలవవు. పైరు ఎండిన మరల నాటవచ్చును. ఈ పైరునకు రెండవ నాటు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన హద్దు ఇది: పెద్దలకు 80 డెసిబెల్‌ల ధ్వని వారమునకు 40 గంటల వరకు, పిల్లలకు 75 డెసిబెల్‌ల ధ్వని అంతే కాలము. ధ్వని 3 డెసిబెల్‌లు పెరిగినపుడెల్ల వినదగిన కాలము సగమగును. 90 డెసిబెల్‌లయినచో వారమునకు 4 గంటలు. 100 డెసిబెల్‌లయినచో సుమారు 20 నిమిషములు మాత్రమే. 12 మొదలు 35 ఏండ్ల వయస్సు గలవారిలో 100 కోట్లకు పైబడిన యువజనులకు ఇట్టి వినికిడివలన చెవి చెడు ప్రమాదమున్నదని ఆ సంస్థ హెచ్చరించుచున్నది.

మంద్రధ్వని తానై చెవిని చెఱచుటకంటె, దాని ఊపు కొఱకు మొత్తము ధ్వనిని పెంచుకొనుటయే హెచ్చు ప్రమాదము. మెల్లగా నున్నప్పుడు డోలు చాలదని తోచును; ఫోనులో స్థాయి పెంచుదురు; దానితో కంఠము, తాళము, సమస్తము పెరుగును. ఆటోలోను, ట్రాక్టరు మీదను వినునప్పుడు ఇంజను రొదను మించుటకై ఇంకను పెంచుదురు. పైగా వెనుకనుండి వచ్చు లారీ హారను వినబడదు. బండి నడుపునప్పుడు, రైలుపట్టాలు దాటునప్పుడు హెడ్‌ఫోన్లు తీసివేయుట ప్రాణరక్షణము.

ఫోనులో స్థాయిని 60 శాతమునకు మించకుండ నుంచుట, గంటకొకసారి చెవులకు విశ్రాంతి నిచ్చుట అందరు పాటింపదగిన నియమములు. చెవులలో హోరు పుట్టినను, ఎదుటివారి మాటను మరల మరల అడుగవలసి వచ్చినను ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రిలోని చెవి వైద్యునకు చూపింపవలెను.

కొనుటకు ముందు పరీక్షలు

1. రెండు జతలను పోల్చునప్పుడు రెండింటిని ఒకే బిగ్గఱకు తెచ్చి వినవలెను. బిగ్గఱగా నున్నదే మేలని చెవి చెప్పు తీర్పును నమ్మరాదు.

2. మొదట పాట గాక మాట వినవలెను. వార్తలు పెట్టి, ప్రతి అక్షరము విడివిడిగా తెలియుచున్నదా చూడవలెను.

3. తరువాత బాగుగా ఎరిగిన పాటను వినవలెను. మృదంగపు దెబ్బలో వయొలిన్ మునిగిపోయినచో అది సమతూకము లేని పరికరము.

4. కనీసము పావుగంట ధరించి చూడవలెను. కణతలు నొచ్చునా, చెమట పట్టునా, కండ్లజోడుతో అమరునా గమనింపవలెను.

5. పెట్టెపై తయారీదారుని లేక దిగుమతిదారుని పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు నంబరు ఉండవలెను. వైరులేని హెడ్‌ఫోన్లకు భారత ప్రమాణముల సంస్థ గుర్తుతో ఆర్-అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య కూడ నుండవలెను. 'బీఐఎస్ కేర్' అను ఫోను యాప్‌లో ఆ సంఖ్యను సరిచూచుకొనవచ్చును.

6. పెట్టెపై 5,000 రూపాయలని ముద్రించి, 1,300 రూపాయలకే యిచ్చుచున్నామన్నచో 3,700 లాభమని సంతోషింపరాదు. ఆ వస్తువు 1,300 రూపాయలకు తగునా యనునదే ప్రశ్న.

పంచాయతీ బాధ్యత

పాఠశాలకు ఇరువది జతలు కొనవలసి యున్నదనుకొందము. పేరు గాంచిన జత 8,000 రూపాయలు, సమతూకపు నాదము గల సామాన్య జత 1,200 రూపాయలు అయినచో మొదటివానికి 1,60,000 రూపాయలు, రెండవవానికి 24,000 రూపాయలు అగును. వ్యత్యాసము 1,36,000 రూపాయలు. ఆ సొమ్ముతో పిల్లలకు ఎన్ని పుస్తకములు, ఎన్ని బల్లలు వచ్చునో సభ్యులే లెక్కింపగలరు. పాఠము వినుటకు బాస్ అక్కరలేదని ముందే చూచితిమి. కావున కొనుగోలు పత్రములో పేరు వ్రాయక గుణములు వ్రాయవలెను: మాట స్పష్టముగా వినబడవలెను, పిల్లల చెవులకు తగిన ధ్వని పరిమితి యుండవలెను, దిండ్లు మార్చుకొనుటకు వీలుండవలెను, ఏడాది వారంటీ యుండవలెను, బ్యాటరీ బాధ లేకుండ వైరు గలవియై యుండవలెను. ముందుగా ఒక్క జత తెప్పించి ఉపాధ్యాయుడును, నలుగురు పిల్లలును విన్న పిమ్మటనే మిగిలినవానికి ఆర్డరు ఇచ్చుట మేలు.

మోసపోయిన వినియోగదారునకు చట్టము అండగా నున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులైలో అమలులోకి వచ్చినది. తప్పుదారి పట్టించు ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తయారీదారునకే గాక, తగిన విచారణ లేకుండ ఆ ప్రకటనలో పాల్గొన్న ప్రముఖునకు సైతము 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. మరల చేసినచో 50 లక్షల వరకు. కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలునకు రుసుము లేదు. అంతకుముందు 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము ద్వారా పరిష్కారము కోరవచ్చును. వీనికన్నింటికి రసీదు ప్రాణము. రసీదు లేకుండ కొనరాదని గ్రామసభలో ఒక్క మాట చెప్పుట సభ్యులు చేయగల గొప్ప ఉపకారము.

ఇక తీర్పు. ప్రకటనల బలముతో, బాస్ పేరుతో హెచ్చు వెలకు అమ్ముడుపోవు హెడ్‌ఫోన్లు కేవలము నాదము కొఱకైనచో ఆ వెలకు తగవు. ఆ నాదము తక్కువ వెలకు లభించును. కొంత భాగము ఫోనులోని అమరికతో ఉచితముగానే లభించును. రొద తగ్గించుట, మన్నిక, మరమ్మతు సౌకర్యము ఉన్నచో ఆ గుణములకు తగిన వెల ఇయ్యవచ్చును. యువకులను మందలించుటవలన ప్రయోజనము లేదు. రెండు జతలు తెచ్చి, ఒకే బిగ్గఱకు పెట్టి, పేరు కనబడకుండ గుడ్డ కప్పి వినిపించినచో వారి చెవులే వారికి గురువులగును. ఏటేట మార్చి 3వ తేదీన జరుపు ప్రపంచ వినికిడి దినము ఇందుకు తగిన సందర్భము.

చర్చనీయాంశములు

1. మన గ్రామమున గత ఏడాది హెడ్‌ఫోన్లు కొన్నవారిలో రసీదు, వారంటీ పత్రము గలవారెందరు?

2. పాఠశాలలో, గ్రంథాలయములో ఇప్పుడున్న హెడ్‌ఫోన్లలో మాట స్పష్టముగా వినబడుచున్నదా? పాడైనవి ఎన్ని, కారణమేమి?

3. ట్రాక్టరు, మోటారు సైకిలు నడుపునప్పుడు హెడ్‌ఫోన్లు ధరింపకుండ గ్రామసభ ఏమి కట్టుబాటు చేయగలదు?

4. ప్రకటనను చూచి కొన్న ఇతర వస్తువులలో, అనగా విత్తనములు, ఎరువులు, మందులు మున్నగువానిలో, పేరునకెంత, గుణమునకెంత వెల చెల్లించుచున్నాము?